మీ ఊరి గొప్ప బెరుకు లేకుండా చెప్పుకోవడం ఎలా? వరంగల్ ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

“మా ఊళ్లో చూడ్డానికి, కొనడానికి, చదువుకోడానికి ఇన్ని ఉన్నాయి. బయటివాళ్లకు మాత్రం తెలియదు. ప్రచారం ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?” అని వర్తక సంఘాల వాళ్లు, హోటళ్ల వాళ్లు, కాలేజీ హెరిటేజ్ క్లబ్బుల పిల్లలు, అప్పుడప్పుడు కార్పొరేటర్లు కూడా అడుగుతూనే ఉన్నారు. అడిగే సమయానికే సగం మంది లోగో గీయించేసి ఉంటారు. మిగతా సగం మంది చౌరస్తాలో ‘ఐ లవ్’ అంటూ ఊరి పేరుతో పెద్ద పెద్ద అక్షరాలు నిలబెట్టేసి ఉంటారు. అదీ బండి ఆపి ఫోటో తీసుకునే వీలు లేని చోట!

ఆ రెండూ ఆఖర్న చేసే పనులు. వాటికంటే ముందు చేయాల్సినవి కింద వరసగా ఉన్నాయి. ఉదాహరణకు వరంగల్‌ను తీసుకున్నాను. చెప్పుకోడానికి బోలెడంత ఉన్న ఊరు అది, చెప్పడంలో తడబాటూ అంతే ఉంది. మీది రాజమండ్రి అయినా, కరీంనగర్ అయినా, నెల్లూరైనా వరస మారదు, పేర్లు మారతాయి అంతే.

1. ముందు జట్టు కట్టండి

పెద్ద కమిటీ వద్దు. పాతికమంది ఉంటే ఫోటో బాగా వస్తుంది, పని జరగదు. వీళ్లుంటే చాలు:

- కార్పొరేషన్ ఆఫీసులో ఫైలు కదిలించగలిగిన మనిషి
- హోటల్ లేదా లాడ్జి నడిపేవాళ్లు ఒకరు
- ఆటో యూనియన్ నుంచి ఒకరు
- శాసనాలు, తేదీలు తెలిసిన చరిత్ర మాస్టారు
- ఊరి సరుకు తయారుచేసేవాళ్లు: నేతన్న, రైతు, వంటమనిషి, ఎవరైనా
- ఫోన్లో మ్యాపులు, ఫోటోలు చకచకా దిద్దగలిగిన కుర్రాడో అమ్మాయో

ఏ స్థలం ఏ శాఖదో మొదటి సమావేశంలోనే రాసుకోండి. వేయిస్తంభాల గుడి, వరంగల్ కోటలోని కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. గేటు దాటి బయటికొస్తే రోడ్డు, డ్రైనేజీ, వీధి దీపాలు కార్పొరేషన్‌వి. ఈ తేడా తెలియక లోపలి బోర్డు కోసం కార్పొరేషన్‌కు, బయటి గుంత కోసం పురావస్తు శాఖకు అర్జీలు పెడుతూ కాలం గడిపేస్తారు.

2. ఊరి ఆస్తుల చిట్టా రాయండి

పెద్ద కాగితం మీద నాలుగు గడులు గీయండి: ఏముంది? రుజువేమిటి? వచ్చినవాళ్లు ఇవాళ వెళ్లి చూడగలరా? అక్కడ ఎవరిని అడగాలి? మొదటి గడిలో తోచినవన్నీ రాసుకోవచ్చు. మిగతా మూడు గడులు నిండని వస్తువు పోస్టర్ మీదికి ఎక్కకూడదు, అంతే.

వరంగల్‌కు ఆ చిట్టా దాదాపు ఇలా మొదలవుతుంది.

- వేయిస్తంభాల గుడి, హనుమకొండ. 1163 నాటిదని శాసనం చెబుతోంది, కట్టించింది కాకతీయ రాజు రుద్రదేవుడు. వెళ్లి చూడొచ్చు. విప్పదీసి ఏళ్ల తరబడి తిరిగి కట్టిన కళ్యాణ మండపాన్ని 2024 మార్చిలో తెరిచారు. ‘మరమ్మతులు జరుగుతున్నాయి’ అని పాత కరపత్రాల్లో ఉంటే ఇప్పుడే కొట్టేయండి.
- వరంగల్ కోట. మధ్యలో స్వయంభూ దేవాలయ శిథిలాలు, వాటికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే.
- జంపఖానాలు, బయటివాళ్ల భాషలో వరంగల్ డర్రీలు. 2018లో జీఐ గుర్తింపు (ఈ సరుకు ఫలానా ఊరిదే అని చట్టప్రకారం ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. కొత్తవాడలో నేస్తారు. మరి మగ్గం చూడాలంటే ఎవరింటికి వెళ్లాలి, ఏ వేళకు వెళ్లాలి? చాలా ఊళ్లలో ఇలాంటి చోటే నాలుగో గడి ఖాళీగా మిగిలిపోతుంది.
- చపాటా మిర్చి. చూడ్డానికి టమాటాలా గుండ్రంగా ఉంటుంది, ఎరుపెక్కువ, కారం తక్కువ. 2025లో జీఐ వచ్చింది.
- ఎన్ఐటీ. 1959లో మొదలైంది. దేశంలోని రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీల్లో మొదటిది.
- పాకాల చెరువు, పొరుగున ములుగు జిల్లాలోని రామప్ప, లక్నవరం చెరువులు. కాకతీయుల కాలంలో కట్టినవి. నేటికీ వీటి కింద పొలాలు పారుతున్నాయి.
- యునెస్కో లెర్నింగ్ సిటీల (అన్ని వయసులవాళ్లకూ చదువు అందించే నగరాల) జాబితాలో చోటు, 2022లో.

ఆఖరిది జాగ్రత్తగా చూడండి. రుజువు గట్టిది. కానీ ఊళ్లో దిగినవాళ్లు “ఎక్కడ చూడాలి?” అని అడిగితే చూపించడానికి ఓ లైబ్రరీయో, సాయంత్రం బడో, శిక్షణ కేంద్రమో ఉండాలి. లేకపోతే దాన్ని పోస్టర్ మీద వేయకండి, కార్పొరేషన్ చేయాల్సిన పనుల జాబితాలో వేయండి.

ఇంకో మాట. రాబోయేవి ఈ చిట్టాలోకి రానివ్వొద్దు. మామునూరులో విమానం దిగాక విమానాశ్రయం గురించి రాసుకోవచ్చు. ఈలోగా హైదరాబాద్ నుంచి రోడ్డు మీద సుమారు 145 కిలోమీటర్లు అని రాయండి, చదివేవాళ్లకు కావాల్సింది అదే.

3. ప్రతి గొప్పనూ మూడు ప్రశ్నలు అడగండి

ఎవరు కొలిచారు? ఏ సంవత్సరంలో? దేంతో పోల్చి?

వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌ను ‘ఆసియాలోనే రెండో పెద్దది’ అనడం మనకు అలవాటు. విస్తీర్ణంలోనా? వచ్చే సరుకులోనా? లావాదేవీల్లోనా? ఏ ఏడాది లెక్క? ఒకరు నిలదీస్తే నీళ్లు నమలాల్సిన మాట మనకెందుకు? తెలుగునాట ఆసియాలో మొదటిదో రెండోదో కాని మార్కెట్ యార్డు దొరకడమే కష్టం. అందుకే ఆ బిరుదుకు ఇప్పుడు ఎవరూ అదరరు, బెదరరు.

దాని బదులు కంటికి కనిపించేది చెప్పండి. “మిర్చి సీజన్లో పొద్దున్నే ఏనుమాములకు వెళ్తే షెడ్లు నిండి బయటిదాకా ఎర్రటి రాశులే. లోపలికి అడుగు పెట్టగానే తుమ్ములు మొదలవుతాయి, రుమాలు తెచ్చుకోండి.” ఇందులో కాదనడానికి ఏమీ లేదు. బెరుకు పోయేది ఇలాంటి మాటతోనే. ఎవరైనా వచ్చి సరిచూసుకుంటే మీ మాట నిలబడుతుందని మీకు ముందే తెలుసు కదా.

ఈ పరీక్షలో నెగ్గేవి:

- తేదీ ఉన్నది (శాసనం, శంకుస్థాపన, గుర్తింపు పత్రం)
- వేలితో చూపించగలిగేది (నాలుగు తోరణాలు, మగ్గం, చెరువు తూము)
- చేత్తో పట్టుకుని కొనుక్కోగలిగేది

ఓడిపోయేవి: ప్రపంచ ప్రసిద్ధ, అద్వితీయ, ఎక్కడా లేని, చరిత్రలో తొలిసారి.

4. పొరుగు జిల్లా సొమ్మును మీదిగా చెప్పుకోకండి

ఇది వరంగల్‌కు మరీ సున్నితమైన వ్యవహారం. 2021 జులైలో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన రామప్ప గుడి ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. సమ్మక్క సారలమ్మ జాతర జరిగే మేడారం కూడా ములుగు జిల్లాలోనిదే. లోహపు పనికి పేరున్న పెంబర్తి జనగామ జిల్లాలోకి వెళ్లింది. పాత వరంగల్ జిల్లా లెక్కలో అన్నీ మనవే. కొత్త మ్యాపులో కావు.

‘వరంగల్‌లోని రామప్ప’ అని రాస్తే రెండు నష్టాలు. ములుగువాళ్లకు కోపం వస్తుంది. అంతకంటే ముఖ్యం, స్టేషన్లో దిగిన కుటుంబం ఆటో మాట్లాడుకుని రామప్పకు పోదామంటుంది. అది అరవై కిలోమీటర్లు పైనే.

సరైన పద్ధతి ఇది: “రామప్పకు వెళ్లే దారిలో మజిలీ వరంగల్. సాయంత్రం ఇక్కడ దిగండి, తోరణాలు చూడండి, రాత్రికి ఉండండి, పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే పాలంపేటలో ఉంటారు.” గుడి ములుగుది, రాత్రి బస మనది. ఇద్దరికీ లాభమే కాబట్టి ములుగు జట్టుతో ఓసారి కూర్చుని ఒకే కరపత్రం వేసుకోండి. ఖర్చు కూడా సగమవుతుంది.

5. ఒకే ఒక్క ఆధార వాక్యం తయారుచేయండి

ఇది నినాదం కాదు. లోపలివాళ్ల కోసం రాసుకునే వాక్యం. పోస్టర్, వీడియో, గైడు మాటలు, అన్నీ దీని నుంచే పుట్టాలి.

పరీక్ష తేలిక. వాక్యంలో మీ ఊరి పేరు తీసేసి బీదర్ అని పెట్టండి, మైసూరు అని పెట్టండి. అప్పటికీ సరిపోతే చించేయండి. ‘చరిత్ర, సంస్కృతి, ప్రగతి కలగలిసిన నగరం’ అన్నది ఏ ఊరికైనా అతుకుతుంది. ‘రెండో హైదరాబాద్’ అయితే ఇంకా అధ్వానం, మనం రెండో స్థానంలో ఉన్నామని మనమే ఒప్పుకున్నట్టు.

వరంగల్‌కు నేనైతే ఇది రాస్తాను:

“ఎనిమిది వందల ఏళ్ల కిందట తవ్విన చెరువుల కింద ఇప్పటికీ వరి పండే నేల, ఆ నేలకు రాజధానిగా ఉన్న ఊరు.”

ఎందుకిది? ఊరు, గుడి, చెరువు, ఈ మూడూ కలిపి కట్టడం కాకతీయుల పద్ధతి. అందులో గుడి గురించి అందరూ చెబుతారు. చెరువు గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఈ వాక్యం పట్టుకుంటే కోట నుంచి పాకాలకు, పాకాల నుంచి పొలానికి, పొలం నుంచి ఏనుమాములకు దారి దొరుకుతుంది. విడివిడిగా పడున్న ఆస్తులన్నీ ఒక తాడు మీదికి వస్తాయి. పైగా ఇది శిథిలాల గురించి కాదు, ఇంకా పనిచేస్తున్న వాటి గురించి.

వాక్యం ఎంచుకునేటప్పుడు ఓటింగు పెట్టకండి. ఓటింగులో గెలిచేది ఎవరికీ ఇబ్బంది లేని వాక్యం, అంటే ఎవరికీ గుర్తుండనిది. ముగ్గురు కూర్చుని ఐదారు రాసి, ఊరు తెలియనివాళ్లకు చదివి వినిపించండి. మర్నాడు ఏది గుర్తుంటే అదే ఉంచండి.

6. ఎవరికి చెబుతున్నారో తేల్చుకోండి

అందరికీ చెప్పే మాట ఎవరికీ చేరదు. మొదటి ఏడాదికి ఇద్దరిని ఎంచుకోండి, చాలు.

- శని, ఆదివారాలకు వచ్చే హైదరాబాద్ కుటుంబాలు. వీళ్లకు కావాల్సింది దారి, భోజనం, పిల్లలకు నీడ, శుభ్రమైన బాత్రూం.
- ఎన్ఐటీలో, మెడికల్ కాలేజీలో పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రులు. వీళ్లను ఊరికి రప్పించే ఖర్చు మనకు లేదు, ఎలాగూ వస్తారు. ఓ పూట ఖాళీగా లాడ్జిలో కూర్చుంటారు. ఆ పూటకు ఏం చేయొచ్చో చెప్పే చిన్న కాగితం లాడ్జి గదిలో పెట్టండి.

పెట్టుబడి పెట్టేవాళ్ల కథ వేరు. టెక్స్‌టైల్ పార్కు గురించి వాళ్లకు చెప్పాల్సింది నీళ్లు, కరెంటు, భూమి, పనివాళ్లు, రైలు. తోరణం బొమ్మ కాదు. రెండు కరపత్రాలూ కలపొద్దు.

7. ఇంట గెలవండి

ఈ మెట్టు దాటేసే ఊర్లే ఎక్కువ. స్టేషన్ బయట ఆటో అన్నను అడిగి చూడండి, “ఇక్కడ చూడ్డానికేముందన్నా?” అని. “ఏముందన్నా, గుడుంది, కోటుంది. గంటల అయిపోతది” అంటాడు. తప్పు ఆయనది కాదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, రోజూ చూసేది గొప్పగా అనిపించదు. పైగా ఆయన్ను ఎవరూ ఎప్పుడూ లోపలికి తీసుకెళ్లి చూపించలేదు.

చేయాల్సింది ఇది:

- ఆటో, టాక్సీ డ్రైవర్లను, హోటల్ రిసెప్షన్ వాళ్లను, గుడి దగ్గర సెక్యూరిటీ వాళ్లను ఓ పూట ఉచితంగా తిప్పండి. ఆ పూట సంపాదన పోతుంది కాబట్టి డ్రైవర్లకు ఆ మొత్తం ఇచ్చేయండి. టీ, టిఫిన్‌తో సరిపెట్టకండి.
- ప్రతి స్థలానికి మూడంటే మూడే వాక్యాలు నేర్పండి. తేదీ ఒకటి, కళ్లతో చూడాల్సింది ఒకటి, అక్కణ్నుంచి తర్వాత ఎక్కడికి వెళ్లాలో ఒకటి.
- కోట, గుడి, భద్రకాళి చెరువు కలిపి సగం రోజుకు ఆటో రేటు ఎంతో యూనియన్‌తో కూర్చుని తేల్చండి. ఆ రేటు స్టేషన్ దగ్గర బోర్డు మీద రాయించండి. బేరంతో మొదలైన ప్రయాణం నాలుగు తోరణాల అందాన్నీ మింగేస్తుంది.
- స్కూలు పిల్లల్ని తీసుకెళ్లండి. ఇంటికి చుట్టాలొస్తే చూపించమని పట్టుబట్టేది వాళ్లే.

8. వచ్చినవాళ్ల దారిలో మీరే నడవండి

ఊరు తెలియని స్నేహితుణ్ని పిలవండి. రైలు టికెట్టు బుక్ చేయడం దగ్గర్నుంచి ఆయన్నే చేయనివ్వండి. మీరు వెనకాల నడవండి, నోరు విప్పకండి, ఆయన ఆగిన ప్రతిచోటా రాసుకోండి.

మొదటి చిక్కు టికెట్టు దగ్గరే వస్తుంది. ఊరి పేరు వరంగల్. చూడాల్సిన గుడి హనుమకొండలో. కొన్ని రైళ్లు ఆగేది కాజీపేటలో. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ దారిలో వెళ్లే రైళ్లు కాజీపేట నుంచి బల్హార్షా వైపు మళ్లిపోతాయి, వరంగల్ స్టేషన్‌కు రావు. విజయవాడ వైపు వెళ్లేవి వరంగల్ మీదుగా పోతాయి. పైగా 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. ఊళ్లోవాళ్లకు ఇదంతా మంచినీళ్లు తాగినంత తేలిక. చెన్నై నుంచి వచ్చేవాళ్లకు మూడు ఊళ్లా, ఒక ఊరా అన్నదే అర్థం కాదు.

‘చక్కటి రైలు సౌకర్యం కలదు’ అని రాస్తే ఈ చిక్కు తీరదు. ఇలా రాయాలి: “వరంగల్, హనుమకొండ, కాజీపేట పక్కపక్కనే ఉన్న ఒకే నగరం. కోట చూడాలంటే వరంగల్ స్టేషన్ దగ్గర. వేయిస్తంభాల గుడి రెండు స్టేషన్లకూ మధ్యలో ఉంటుంది. మీ రైలు ఎక్కడ ఆగినా ఆటోలు, సిటీ బస్సులు ఉంటాయి.”

నడిచేటప్పుడు చేతిలో ఉండాల్సిన చెక్‌లిస్టు:

- స్టేషన్ నుంచి స్థలం దాకా బోర్డులు తెగకుండా ఉన్నాయా? మధ్యలో ఒక్క మలుపు దగ్గర లేకపోయినా లేనట్టే.
- మ్యాపులో చూపించిన గేటు నిజంగా తెరిచే గేటేనా?
- బాత్రూం ఉందా అని కాదు, తాళం తీసి ఉందా? ఆడవాళ్లదానికి గడియ పడుతోందా?
- తాగునీళ్లు, నీడ, కూర్చునే అరుగు
- టికెట్టుకు క్యూఆర్ కోడ్ ఒక్కటే ఉందా? సిగ్నల్ లేకపోతే ఏం చేయాలి?
- మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎంతదాకా రాగలరు?
- పక్కనే భోజనం ఎక్కడ, ఏ వేళదాకా?

ఇందులో సగం సరయ్యే దాకా ప్రచారం మొదలుపెట్టకండి. బాగాలేని చోటికి వందమందిని పిలిస్తే వందమంది చెడ్డగా చెబుతారు. పిలవకపోతే ఆ నష్టమన్నా ఉండదు.

9. రాసే పద్ధతి

మన ఊరి కరపత్రాల భాష ఇలా ఉంటుంది: “చారిత్రక, సాంస్కృతిక, ఆధ్యాత్మిక వైభవానికి నెలవైన ఓరుగల్లు మహానగరం పర్యాటకుల స్వర్గధామంగా విరాజిల్లుతోంది.” చదివాక ఒక్క బొమ్మ కూడా కళ్ల ముందుకు రాదు.

అదే స్థలం గురించి ఇలా రాసి చూడండి: “కోట మధ్యలో తోరణాలు నాలుగున్నాయి. చాలామంది ఒకదాని ముందు ఫోటో దిగి వెళ్లిపోతారు. మీరు మధ్యలో గుడి శిథిలాల దగ్గర నిలబడి ఓసారి చుట్టూ తిరగండి, నాలుగూ కనిపిస్తాయి. సాయంత్రం ఎండ వాలాక వస్తే రాతి మీద చెక్కడం తేటగా తెలుస్తుంది.”

రెండోది రాసినవాళ్లకు ఊరు తెలుసని చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

దిద్దేటప్పుడు మూడు చూసుకోండి.

మొదటిది, క్షమాపణ మాటలు. ‘హైదరాబాద్ అంత కాకపోయినా’, ‘చిన్న ఊరే అయినా’, ‘మాకున్నంతలో’. ఇవి వినయం కాదు, ఊరిని ముందే తగ్గించి పెట్టడం. కొట్టేయండి.

రెండోది, పోటీ మాటలు. పక్క ఊరి పేరు ఎత్తితే చదివేవాళ్లు పక్క ఊరి గురించి ఆలోచిస్తారు.

మూడోది, సాంకేతిక విషయం. భయపడి వదిలేయకండి, మామూలు మాటల్లో చెప్పండి. రామప్పలో పునాది కింద ఇసుక నింపారు, భూమి కదిలినా దెబ్బ గుడిదాకా రాకుండా. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, కింది రాతి మీద బరువు పడకుండా. ఇదింతే, పదేళ్ల పిల్లాడికి కూడా పడుతుంది.

తెలుగు కరపత్రాన్ని మక్కికి మక్కి హిందీలోకి, ఇంగ్లీషులోకి దించకండి. బతుకమ్మ అంటే మనవాళ్లకు చెప్పక్కర్లేదు, వాళ్లకు చెప్పాలి. మనకు చెప్పాల్సింది పార్కింగు ఎక్కడని.

10. మ్యాపులు, ఫోటోలు, ముద్రలు

డబ్బు ఖర్చు కాని పని ఇది, ఫలితం మాత్రం ముందుగా కనిపిస్తుంది.

- గూగుల్ మ్యాపులో ప్రతి స్థలం పేరు తెలుగులో, ఇంగ్లీషులో సరిచేయండి. హన్మకొండ, హనుమకొండ, రెండు రకాల స్పెల్లింగులతోనూ దొరకాలి.
- సమయాలు, సెలవు రోజు, టికెట్టు ధర మూడు నెలలకోసారి సరిచూడండి. తప్పుడు టైమింగ్ కంటే అసలు లేకపోవడమే నయం.
- తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ చదవండి. ఆధారం లేని పొగడ్తలు తీసేసి తేదీలు చేర్చండి.
- పొద్దున, మధ్యాహ్నం, వానాకాలం, ఎండాకాలం ఫోటోలు వేరువేరుగా తీయించండి. నిండు చెరువు ఫోటో చూసి మే నెలలో వచ్చినవాళ్లు మోసపోయామనుకుంటారు. ప్రతి ఫోటో కింద నెల రాయండి.
- పురావస్తు శాఖ స్థలాల్లో స్టాండు, లైట్లు పెట్టి తీయాలన్నా, డ్రోన్ ఎగరేయాలన్నా ముందే అనుమతి తీసుకోవాలి.

ముద్రల విషయంలో తొందరపడొద్దు. ప్రపంచ వారసత్వ చిహ్నాన్ని ఎవరికి తోస్తే వాళ్లు కరపత్రం మీద వేసుకోకూడదు, అనుమతి ఉండాలి. రాజముద్ర కూడా అంతే. తోరణం ఫోటో వేసుకోండి, రాజముద్ర వేయకండి. జీఐ గురించి ఊరంతా చెప్పుకోవచ్చు గానీ, సరుకు మీద ఆ పేరు వాడే హక్కు 1999 నాటి చట్టం ప్రకారం నమోదైన వాళ్లకే ఉంటుంది. వేరేచోట మిషన్ మీద నేసింది తెచ్చి వరంగల్ జంపఖానా అని అమ్మే కొట్టును మీ మ్యాపులో చూపిస్తే, కొత్తవాడ నేతన్న కడుపు మీరే కొట్టినట్టు.

గుర్తింపు వచ్చింది కదా అని చేతులు దులుపుకోవడానికీ లేదు. విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదని కొన్నాళ్లు ఆ జెండా దించాల్సి వచ్చింది, సరిచేశాక మళ్లీ ఎగిరింది. కాబట్టి ఏ గుర్తింపు గురించి రాసినా, అది ఇవాళ్టికీ ఉందో లేదో అచ్చుకు వెళ్లే ముందు చూసుకోండి.

11. క్యాలెండర్ గీయండి

ఏ నెలలో ఎవర్ని పిలవాలి, ఎవర్ని పిలవకూడదు అన్నది ముందే తేలాలి.

అక్టోబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. చెరువులు నిండుగా ఉంటాయి, ఎండ ఉండదు. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ రోజున సందడి చూడాలనుకునేవాళ్లను పిలవండి. స్తంభాల చెక్కడం తీరిగ్గా చూడాలనుకునేవాళ్లకు మాత్రం ఆ రోజు రావొద్దనే చెప్పండి. మిర్చి చూడాలంటే ఫిబ్రవరి, మార్చి.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. ఆ వారం లాడ్జిలు, బస్సులు, రోడ్లు అన్నీ జాతరకే. అప్పుడు పర్యాటక ప్రచారం ఆపేసి దారులు, పార్కింగు, వైద్య శిబిరాల సమాచారం ఒక్కటే ఇవ్వండి.

ప్రపంచ వారసత్వ దినం ఏప్రిల్ 18న. యూరప్‌లో వసంతమేమో గానీ మనకు మండుటెండ. పొద్దున పదకొండింటికి కోటలో సభ పెట్టి స్కూలు పిల్లల్ని కూర్చోబెట్టకండి, సాయంత్రం పెట్టుకోండి.

12. చేదు ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి

చెరువుల ఊరు అని చెప్పుకున్నాక ఎవరో ఒకరు అడుగుతారు: “మరి 2020లో, 2023లో వానలకు కాలనీలు ఎందుకు మునిగాయి?” ఈ ప్రశ్న వచ్చినప్పుడు కామెంటు తీసేస్తే, ఆధార వాక్యం ఆ క్షణమే అబద్ధమైపోతుంది.

జవాబు ముందే రాసి పెట్టుకోండి. అందులో మూడు ఉండాలి: జరిగింది జరిగినట్టు ఒక వాక్యం, నాలాలు, చెరువుల శిఖం భూములు (నీళ్లు నిలిచే నేల) ఆక్రమణల పాలైన సంగతి దాచకుండా ఇంకో వాక్యం, కార్పొరేషన్ చేసిన పని ఏదైనా ఉంటే, వెళ్లి చూడగలిగిన చోటి పేరుతో. పని ఏమీ జరగకపోతే మూడో వాక్యం రాయకండి, పని చేయించండి. నా మట్టుకు నాకు, చెరువు కబ్జా గురించి మాట్లాడే ధైర్యం లేని జట్టు చెరువు బొమ్మను పోస్టర్ మీద వేయకూడదు.

విడివిడి ఫిర్యాదులకు రెండు రోజుల్లో జవాబివ్వండి. “మీ అభిప్రాయం మాకు విలువైనది” అని కాదు. “గురువారం బాత్రూం తాళం తీయించాం, తాళంచెవి ఇప్పుడు గేటు దగ్గర ఉంటుంది” అని.

13. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

- లోగో ముందు, పని తర్వాత. మందు: ఆరు నెలలు మామూలు అక్షరాలతో ఊరి పేరు వాడండి. ఈలోగా ఆధార వాక్యం నిలబడితే లోగో దానంతటదే తోస్తుంది.
- నాయకుల ఫోటోలతో నిండిన ఫ్లెక్సీ. మందు: ప్రారంభోత్సవానికి వేరే ఫ్లెక్సీ కట్టండి, ఊరి పోస్టర్‌ను ముట్టుకోనివ్వకండి. కష్టమే, కానీ జట్టులో కార్పొరేషన్ మనిషిని పెట్టుకున్నది ఇందుకే.
- ఒక్క వీడియో మీద డబ్బంతా తగలెయ్యడం. మందు: అందులో సగం బోర్డులకు, డ్రైవర్ల శిక్షణకు పెట్టండి.
- రీల్స్ చేసేవాళ్లను పిలిచి ఏం చూపించాలో చెప్పకపోవడం. మందు: చిట్టాలోంచి మూడు స్థలాలు, మూడు తేదీలు రాసిచ్చి మిగతాది వాళ్లకు వదిలేయండి.
- ఫోన్ నంబరు ఇచ్చి ఎత్తకపోవడం. మందు: ఎత్తేవాళ్లు ఉన్న వేళలే అచ్చు వేయండి.

14. ఏం లెక్కపెట్టాలి

లైకులు కాదు. లాడ్జిల్లో రెండో రాత్రి కూడా ఉన్నవాళ్లెందరు, కోటలో టికెట్లు ఏ నెలలో ఎన్ని తెగాయి, కొత్తవాడలో నేతన్న దగ్గర నేరుగా కొన్నవాళ్లెందరు, సగం రోజు రేటుకు ఆటోలు ఎన్నిసార్లు తిరిగాయి. ఇవి నాలుగూ నెలకోసారి ఒకే పుస్తకంలో రాయండి. ప్రచారం మొదలుపెట్టడానికి ముందు కనీసం మూడు నెలల లెక్కలు ఉండాలి, లేకపోతే పెరిగిందో తగ్గిందో తేలదు.

మొత్తం పనికి వరస ఇది:

- మొదటి నెల: జట్టు, చిట్టా, మూడు ప్రశ్నల పరీక్ష. లెక్కల పుస్తకం కూడా ఇప్పుడే తెరవండి.
- రెండో నెల: ఆధార వాక్యం, పొరుగు జిల్లాతో మాట, దారి నడక.
- మూడో నెల: మ్యాపుల దిద్దుబాటు, డ్రైవర్ల శిక్షణ, రేట్ల బోర్డు.
- నాలుగో నెల: కరపత్రం, ఫోటోలు, చేదు ప్రశ్నల జవాబులు. అచ్చుకు ముందు ఊరు తెలియనివాళ్లతో ఓసారి చదివించండి.
- ఐదో నెల నుంచి ప్రచారం. ఇది అక్టోబరుకు కుదిరేలా పని మేలోనో జూన్‌లోనో మొదలుపెట్టుకోండి.

ఏడాది తిరిగాక చిట్టా కాగితం మళ్లీ పరచండి. నాలుగో గడిలో పేరున్న మనిషి ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నాడో లేదో, ఫోన్ ఎత్తుతున్నాడో లేదో ముందు అది చూడండి.